పళ్ల వైన్ కిట్టా, గుజ్జు డబ్బానా, తాజా పండా, స్క్వాషా: ఇంట్లో చేసుకోదలచినవారికి ఎంపిక సలహా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లి అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో స్థిరపడిన కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కావు. అక్కడి దుకాణాల్లో పీచ్, స్ట్రాబెర్రీ, గ్రీన్ ఆపిల్ పేర్లతో అమ్మే వైన్ కిట్లను (ఇంట్లో వైన్ చేసుకోవడానికి రసం, ఈస్ట్ వంటివి సర్ది అమ్మే పెట్టెలను) చూసి, ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో తేల్చుకోలేనివారు వారిలో చాలామంది ఉన్నారు. వారు సెలవులకు వచ్చినప్పుడు చెప్పే మాటలు విని, ఆ కిట్టు ఒకటి తెప్పించుకుని మనమూ చేసుకోవచ్చు కదా అని ఇక్కడ ఉండే బంధువులు అడగడమూ మామూలే. ఈ రెండు వర్గాలకూ ఒకే సలహా పనికిరాదు. రుచి, ఖర్చు, శ్రమ అనేవి తరువాత చూసుకోవలసిన సంగతులు. మీరు ఉంటున్న చోట చట్టం ఏమంటోందన్నదే ఎంపికలో మొదటి మెట్టు. కాబట్టి దాని దగ్గరే మొదలుపెడతాను.

అమెరికాలో ఫెడరల్ నిబంధనల ప్రకారం ఇంటి వాడకానికి వైన్ చేసుకోవచ్చు. ఇంట్లో వయోజనుడు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు పరిమితి. ఒక్క సీసా కూడా అమ్మకూడదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు గనుక వాటినీ చూసుకోవాలి. బ్రిటన్‌లో, కెనడాలో కూడా సొంత వాడకానికి చేసుకోవడానికి అభ్యంతరం లేదు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లినవారి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. సౌదీ అరేబియా, కువైట్లలో మద్యం తయారీ జైలుకూ దేశ బహిష్కరణకూ దారితీసే నేరం. అక్కడ ఉన్నవారు ద్రాక్షరసంలో ఈస్ట్ కలిపి గదిలో ఒక మూల పెట్టుకుందామన్న ఆలోచన కూడా చేయకూడదు.

ఇక మన రాష్ట్రం. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. చేసింది కొద్దిగానే అనో, అమ్మడానికి కాదనో చెప్పినంత మాత్రాన లైసెన్సు అవసరం తప్పదు. కిట్టులో ఉన్నది వట్టి పళ్ల రసమే కదా అన్న వాదన, ఆ రసంలో ఈస్ట్ వేసి పులియబెట్టిన క్షణం నుంచి నిలవదు. కాబట్టి ఈ వ్యాసంలో వైన్ గురించి చెప్పే భాగం చట్టం అనుమతించే దేశాల్లో ఉన్న మనవారి కోసం. ఇక్కడ ఉన్నవారికి పనికివచ్చే భాగం చివర స్క్వాష్ (నీళ్లు కలుపుకుని తాగే చిక్కటి పళ్ల పానీయం) దగ్గర ఉంది. ఈ రెండో భాగాన్ని ఓదార్పు బహుమతిగా భావించనక్కరలేదు. మన పళ్ల అసలు రుచి నిలబడేది దానిలోనే అని నా అభిప్రాయం.

పళ్ల పేరున్న కిట్టు లోపల ఏముంటుంది

ఐలాండ్ మిస్ట్, ఆర్చర్డ్ బ్రీజిన్ వంటి పేర్లతో వచ్చే కిట్లను వ్యవహారంలో ‘మిస్ట్’ తరహా కిట్లు అంటారు. పెట్టె మీద పీచ్ బొమ్మ ఉన్నా, లోపల పులిసేది ప్రధానంగా ద్రాక్ష రసమే అన్నది కొనేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం. చిక్కబెట్టిన ద్రాక్ష రసం ఒక సంచిలో ఉంటుంది. పండు రుచి, తీపి కలిసిన చిన్న సంచి వేరుగా ఉంటుంది. పెద్ద సంచిలోని రసానికి నీళ్లు కలిపి 23 లీటర్లు చేసి, ఈస్ట్ వేసి, పులవడం పూర్తయ్యాక దాన్ని స్థిరపరచి (అంటే ఈస్ట్ మళ్లీ పెరగకుండా ఆపే పొడులు వేసి), ఆ తరువాతే చిన్న సంచిని కలుపుతారు. అప్పటికి ఈస్ట్ పని ముగిసి ఉంటుంది గనుక ఆ సంచిలోని తీపి పులిసిపోకుండా అలాగే మిగులుతుంది. ఈ తరహా వైన్ తియ్యగా ఉండడానికి కారణం అదే. ఆల్కహాల్ సాధారణంగా 6 నుంచి 7 శాతం దగ్గర ఆగుతుంది; మామూలు ద్రాక్ష వైన్‌లో ఉండేదానిలో ఇది ఇంచుమించు సగం.

ఈ పద్ధతిలోని మేలు స్పష్టమే. పండు ఏడాదికో రకంగా పండుతుంది, కాని సంచిలోని రసం ఎప్పుడూ ఒకే తీపితో, ఒకే పులుపుతో వస్తుంది. ఈస్ట్, తేటపరిచే పదార్థాలు, స్థిరపరిచే పొడులు అన్నీ కొలిచి పొట్లాలు కట్టి ఇస్తారు. నాలుగు వారాల్లో సీసాల్లోకి చేరుతుంది. తీపి పానీయాలకు అలవాటుపడిన మన నాలుకకు తొలిసారి నచ్చేది కూడా ఇదే. దీనిలో నాకు కనిపించే లోపం కూడా ఆ చిన్న సంచి దగ్గరే ఉంది: రుచి అంతా చివర్లో పైనుంచి కలిపినదే కాబట్టి, తాగేవారికి పండు వాసన ముందు వచ్చి, వెనుక ఏమీ మిగలదు. తీపి తక్కువ కావాలంటే సంచి మొత్తం ఒక్కసారే పోయకుండా సగం పోసి, కలిపి, రుచి చూసి మిగతాది నిర్ణయించుకోవచ్చు. అయితే తీపితో పాటు పండు రుచీ తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. ఆల్కహాల్ తక్కువ గనుక ఏళ్ల తరబడి దాచుకునే వైన్ ఇది కాదు. ఏడాదిలోపే తాగేయడం మంచిది.

పరిమాణం విషయంలో చాలామంది తడబడతారు. 23 లీటర్లంటే 750 మిల్లీలీటర్ల సీసాలు దాదాపు 30. భార్యాభర్తలిద్దరే ఉండి, వారిలో ఒకరు ముట్టనివారైతే ఇది చాలా ఎక్కువ. బ్రిటన్‌లో ఒక గ్యాలన్ కిట్లు కూడా దొరుకుతాయి. వాటితో ఆరు సీసాలు వస్తాయి. అక్కడి గ్యాలన్ 4.5 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.8 లీటర్లు. ఒక దేశపు సూచనలు చదువుతూ మరో దేశపు పాత్రలో కొలిస్తే నీళ్లు ఎక్కువో తక్కువో అవుతాయి కాబట్టి, ఎప్పుడూ లీటర్లలోకి మార్చుకుని కొలవండి.

గుజ్జు డబ్బాలు, తాజా పండు

నిజంగా పండు నుంచే వైన్ చేయాలనుకునేవారికి రెండో మార్గం పండు గుజ్జు డబ్బాలు. వైన్ సామాన్ల దుకాణాల్లో బ్లాక్‌బెర్రీ, చెర్రీ, నేరేడు రంగులో ఉండే ఎల్డర్‌బెర్రీ వంటివి డబ్బాల్లో దొరుకుతాయి. పంచదార, ఈస్ట్, పులుపు, పెక్టిన్‌ను (పండులోని జిగురు పదార్థాన్ని) విడగొట్టే ఎంజైమ్ మీరే చేర్చుకోవాలి. ఇదే డబ్బాలో నీళ్లు తక్కువ పోస్తే చిక్కటి వైన్, ఎక్కువ పోస్తే పలుచటి వైన్ వస్తుంది. నా మాట అడిగితే చిక్కటి పద్ధతినే ఎంచుకోండి. నీళ్లు పెంచి సీసాల సంఖ్య పెంచుకున్నవారు రుచి విషయంలో తరువాత నిరాశపడతారు.

విదేశాల్లోని మనవారికి మరో డబ్బా సులువుగా దొరుకుతుంది: ఇండియన్ దుకాణాల్లో అమ్మే 850 గ్రాముల మామిడి గుజ్జు. అల్ఫాన్సో, కేసర్ రకాలు ఎక్కువగా వస్తాయి. విజయనగరం తోటల సువర్ణరేఖను తలచుకునేవారు దానితోనే సరిపెట్టుకోవాలి. కొనేముందు డబ్బా మీది చిన్న అక్షరాలు చదవాలి. పంచదార కలిపిన గుజ్జయితే ఆ మేరకు మీరు వేసే పంచదార తగ్గించాలి. సార్బేట్, బెంజోయేట్ వంటి నిల్వ పదార్థాలు కలిపినదైతే ఈస్ట్ సరిగా పనిచేయదు కాబట్టి అసలు కొనకూడదు. లీటరు ద్రవంలో సుమారు 17 గ్రాముల పంచదార ఒక శాతం ఆల్కహాల్‌గా మారుతుందన్న లెక్కను గుర్తుంచుకుంటే, ఎంత వేయాలో అంచనా దొరుకుతుంది. ఆ అంచనాను, ద్రవంలో తీపి ఎంతుందో చూపే హైడ్రోమీటర్‌తో సరిచూసుకోవడం మాత్రం తప్పనిసరి.

మామిడి విషయంలో ఒక చిక్కుంది. పులిసేటప్పుడు పైకి పొంగే వాయువుతో పాటు మామిడి సువాసన చాలావరకు వెళ్లిపోతుంది. మిగిలేది తెల్ల ద్రాక్ష వైన్‌కు దగ్గరగా, కొంచెం చేదు తగిలే పానీయం. దీన్ని సరిదిద్దడానికి, కిట్టువారి చిన్న సంచి కిటుకునే మనం వాడుకోవచ్చు: పులవడం ముగిసి, స్థిరపరిచే పొడులు వేసిన తరువాత కొద్దిగా గుజ్జు కలిపితే వాసన తిరిగి వస్తుంది. కాకపోతే వైన్ మళ్లీ మసకబారుతుంది, తేరుకోవడానికి మరికొన్ని వారాలు పడుతుంది. మసకగా ఉన్నా అభ్యంతరం లేదనుకునేవారికి ఇది మంచి బేరం. ఎంజైమ్ వేయకుండా మాత్రం మామిడి జోలికి వెళ్లవద్దు. మామిడిలో పెక్టిన్ ఎక్కువ, అది ఎన్నాళ్లు ఉంచినా తేటపడనివ్వదు. గుజ్జును పొయ్యి మీద మరిగించినా పెక్టిన్ మరింతగా దిగి అదే చిక్కు వస్తుంది.

తాజా పండు మూడో మార్గం. కోయడం, తొక్క తీయడం, గింజలు ఏరడం, గుడ్డలో వడకట్టడం వంటి శ్రమ అంతా దీనిలోనే ఉంది. తీపి, పులుపు ప్రతిసారీ కొలిచి సరిచేసుకోవాలి. ఫలితం కుదిరినప్పుడు మిగతా రెండింటికంటే బాగుంటుంది, కుదరనప్పుడు మూడింటిలోకీ అధ్వానంగా ఉంటుంది. అనాస దీనికి బాగా ఒదుగుతుంది, ఎందుకంటే దానికి సొంత పులుపు ఉంది. అరటి, పనస గురించి అడిగేవారికి నేను ప్రోత్సాహం ఇవ్వలేను.

ఏ మార్గమైనా తప్పని సంగతులు

వేడి అన్నింటికంటే ముఖ్యమైనది. ఈ కిట్లు 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పులుస్తాయి. డాలస్ లాంటి చోట వేసవిలో గరాజ్‌లో బకెట్టు పెడితే ఈస్ట్ వేడెక్కి ఘాటైన, గొంతు మండే వాసనలు పుట్టిస్తుంది. బ్రిటన్‌లో చలికాలం హీటర్ వేయని గదిలో పెడితే మధ్యలోనే ఆగిపోతుంది. ఇంటి లోపల, ఎండ తగలని అలమారే రెండు చోట్లా సరైన స్థలం.

రెండోది హైడ్రోమీటర్. తొలిసారి ఖర్చు తగ్గించుకోవడానికి దీన్ని మానేసేవారు ఉంటారు. బకెట్టు కొంచెం చవకది కొన్నా పరవాలేదు కాని, ఇది లేకుండా మొదలుపెట్టవద్దు. ఎయిర్‌లాక్‌లో (వాయువును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూతలో) బుడగలు ఆగిపోయినంత మాత్రాన పులవడం అయిపోయినట్లు కాదు. హైడ్రోమీటర్ రీడింగు సూచనల్లో చెప్పిన అంకెకు, సాధారణంగా 0.998 లోపుకు దిగి, రెండు మూడు రోజులు మారకుండా ఉండాలి. అది చూడకుండా తీపి సంచి కలిపి సీసాలకు బిగించి మూతలు వేస్తే, మిగిలిన ఈస్ట్ ఆ తీపిని తిని వాయువు పుట్టించి సీసాలు పగలగొడుతుంది. పొటాషియం సార్బేట్ ఈస్ట్‌ను చంపదు, అది పెరగకుండా మాత్రమే ఆపుతుంది; జోరుగా పులుస్తున్న వైన్‌లో వేస్తే దాని వల్ల ప్రయోజనం ఉండదు. స్థిరపరిచాక బాగా కలియతిప్పి వాయువును బయటికి పంపడం కూడా ఇక్కడే చేయాలి, లేకపోతే మడ్డి అడుగుకు దిగదు.

శుభ్రత గురించి మనవారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆవకాయ జాడీకి తడి తగలనివ్వని పట్టుదలే ఇక్కడ గరిటె నుంచి, వైన్‌ను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి దించే సైఫన్ ట్యూబు దాకా ప్రతి వస్తువు మీదా చూపాలి.

శాకాహారులు తప్పక చూడవలసిన విషయం ఒకటుంది, కిట్టు పెట్టెల మీద అది స్పష్టంగా రాసి ఉండకపోవచ్చు. వైన్‌ను తేటపరచడానికి ఇచ్చే పొట్లాల్లో ఐసింగ్లాస్ అనేది చేప గాలితిత్తి నుంచి, కైటోసాన్ అనేది సాధారణంగా రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. మొదటిరోజు వేసే బెంటొనైట్ మాత్రం ఒక రకం మట్టి. ఆ జంతు సంబంధమైన పొట్లాలను పక్కన పెట్టి, మరో నెల రోజులు కదపకుండా ఉంచితే వైన్ చాలావరకు తనంతట తానే తేరుకుంటుంది. రొయ్య, పీత పడనివారు కూడా ఇదే జాగ్రత్త పాటించడం మేలు. ఆస్తమా ఉన్నవారు వైన్ చెడిపోకుండా వేసే సల్ఫైట్ సంగతి తమ వైద్యులతో ముందే మాట్లాడాలి.

పులిసిన దాన్ని కాచి సారాగా మార్చే ఆలోచన ఎవరైనా చేస్తే, దానికి ఏ సలహా ఇవ్వను. వైన్ చేసుకోనిచ్చే అమెరికాలో కూడా ఇంట్లో సారా కాచడం నేరమే.

ఇక్కడ ఉన్నవారికి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంటూ పళ్లను సీసాలో పెట్టుకోదలచినవారు ఎంచుకోవలసింది స్క్వాష్‌నా, సిరప్‌నా అన్నదే. రెండింటిలోనూ కనీసం 25 శాతం పండు రసం ఉండాలన్నది ప్రమాణం. కరిగిన ఘనపదార్థం, అంటే ముఖ్యంగా పంచదార, స్క్వాష్‌లో కనీసం 40 శాతం, సిరప్‌లో కనీసం 65 శాతం ఉండాలి. సిరప్‌లోని పంచదారే దాన్ని చాలావరకు కాపాడుతుంది, కాని గ్లాసులో పోసుకున్నాక తీపి పండును మింగేస్తుంది. రోజువారీ వాడకానికి స్క్వాష్ మేలని నేననుకుంటాను. గులాబీ, నన్నారి వంటి సువాసన పానీయాలకు సిరప్ సరిపోతుంది.

లెక్క సులువే. కిలో అనాస రసానికి సుమారు కిలోన్నర పంచదార, కిలోన్నర నీళ్లు, 30 గ్రాముల నిమ్మ ఉప్పు. పంచదార, నీళ్లు, నిమ్మ ఉప్పు కలిపి కాచి, వడకట్టి, పూర్తిగా చల్లారాక రసం కలపాలి, రసాన్ని కాచకూడదు. సుమారు నాలుగు కిలోల స్క్వాష్ వస్తుంది. సీతంపేట అనాస దీనికి నా మొదటి ఎంపిక. 2022లో ఆ మండలం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, శ్రీకాకుళం వాడుకలో అది ఇంకా మన పండే. మామిడి గుజ్జుతోనైనా లెక్క ఇదే, పండు తీపిని బట్టి పంచదార కొంచెం తగ్గించుకోవచ్చు.

నిల్వ ఉంచాలంటే పొటాషియం మెటాబైసల్ఫైట్ కిలో స్క్వాష్‌కు సుమారు 0.6 గ్రాము చాలు. ఇది వైన్ కిట్టులో స్థిరపరచడానికి ఇచ్చే పొడుల్లో ఒకటే. దీన్ని చెంచాతో అంచనా వేయడం సరికాదు, గ్రాములో పదో వంతు చూపే చిన్న తక్కెడ కొనాలి. నేరేడు వంటి ఊదారంగు పళ్లకు ఇది వాడితే రంగు వెలిసిపోతుంది. వాటికి సోడియం బెంజోయేట్ కిలోకు సుమారు 0.7 గ్రాము వాడాలి. వారం పది రోజుల్లో అయిపోయేంత కొద్దిగా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకునేవారికి ఈ రెండూ అక్కరలేదు.

ఉద్దానంలో జీడిగింజ తీసుకుని పండును తోటలోనే వదిలేయడం ఇప్పటికీ సాధారణం. గోవాలో ఆ పండు నుంచే ఫెనీ అనే సారా తీస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది అక్కడి లైసెన్సు వ్యవస్థలో జరిగే పని, మనం అనుకరించవలసినది కాదు. జీడిపండు రసంతో స్క్వాష్ మాత్రం నిక్షేపంగా చేసుకోవచ్చు. గొంతు పట్టేసే వగరు దాని ఏకైక అవరోధం. లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడి లెక్కన కొద్ది నీళ్లలో జావలా ఉడికించి, చల్లార్చి కలిపితే, వగరుకు కారణమైన టానిన్ దానితో కలిసి అడుగుకు దిగుతుంది. పైన తేరిన రసాన్ని కదపకుండా వంచుకుని పలుచటి గుడ్డలో వడకట్టాలి. ఎండాకాలంలో ఈ రసం కొన్ని గంటల్లోనే పులవడం మొదలుపెడుతుంది కాబట్టి, తెల్లవారుజామున ఏరిన పండును ఆ పూటే పిండి, తేటపడేదాకా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాటికల్లా పాకంలో కలిపేయాలి. నేల మీద రాలి ఒక రోజు గడిచిన పండు దీనికి పనికిరాదు.